శీనుగాడి కెమెరా, చెల్లెమ్మ పెళ్ళి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశా, రెండు ముక్కల్లో తేలేది కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. కేనన్ 1500డి కెమెరా, సెకండ్ హ్యాండ్, దానితోపాటే వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్సుతో సహా, తీసుకోవచ్చా అన్నావు. తీసుకో. కానీ కింద ఇంకో లైను పెట్టావు చూడు, "చెల్లి పెళ్ళికి ఫొటోగ్రాఫర్ ఖర్చు కూడా మిగులుద్ది" అని, అది చదివి నాకు గుండె జారింది రా నాయనా.

మా బాబాయి కూతురి పెళ్ళిలో నేను వెలగబెట్టింది నీకు పూర్తిగా చెప్పలేదు కదా. అప్పటికి కెమెరా కొని నెల కూడా కాలేదు, ఇలాంటి బేసిక్ మోడలే, పగలు మా చెరువు గట్టు మీద తీసినవి బ్రహ్మాండంగా వచ్చేసరికి నాకు కొమ్ములొచ్చాయి. ముహూర్తమేమో రాత్రి 2 గంటల 40 నిమిషాలకి. మండపంలో మన కళ్ళకి లైట్లు ధగధగలాడిపోతుంటాయి గానీ కెమెరాకి అది చీకటే రా. పైగా ఈ కిట్ లెన్సులు జూమ్ చేసేకొద్దీ వెలుగు తక్కువ తీసుకుంటాయి, 18 దగ్గర 3.5 ఉండే అపర్చర్, అదే వెలుగు లోపలికొచ్చే కన్నం, 55కి వచ్చేసరికి 5.6 అవుద్ది, ఆ అంకె పెరిగితే కన్నం చిన్నదైనట్టు. వెలుగు చాలక షటర్ ఏకంగా 1/15 సెకను తెరుచుకుని ఉండాల్సొచ్చింది, ఆలోపు కదిలిందల్లా అలుక్కుపోద్ది, తలంబ్రాలు పోసుకుంటుంటే బియ్యం బదులు తెల్ల గీతలు పడ్డాయి, పెళ్ళికొడుకు మొహం ఎక్కడుందో వాళ్ళమ్మే చెప్పాలి. సరే అని ఫ్లాష్ లేపా. ఆ వెలుగంతా హోమం పొగ మీద కొట్టి జంట మబ్బుల్లో పురాణం సీన్‌లా తేలారు. బాబాయి ఆల్బమ్ మాట ఎత్తడు, పిన్ని మాత్రం ప్రతి పండక్కీ ఎత్తుద్ది.

తప్పు కెమెరాది కాదు, దానిమీద నేను పెట్టుకున్న ఆశలది. ఒక 50 ఎంఎం 1.8 లెన్సు ఉండుంటే ఆ 5.6 తో పోలిస్తే దాదాపు పది రెట్లు వెలుగు వచ్చేది. దానికి జూమ్ ఉండదు, మనమే ముందుకీ వెనక్కీ నడవాలి, మండపంలో వెనక్కి నడిస్తే వీడియోవాడి ట్రైపాడ్ మీద పడతాం, అది వేరే గొడవ. ఐఎస్ఓ, అదే వెలుగుకి కెమెరా సెన్సిటివిటీ, పెంచొచ్చు కదా అంటావేమో, 1600 దాకా పర్లేదు, 3200కి ఇసక జల్లినట్టు గ్రెయిన్ కనపడుద్ది, 6400 అంటే గతిలేనప్పుడే.

ఇంకోటి, కొన్న వారంలో నువ్వు ఫోన్ చేసి "నా ఫోనే దీనికంటే బాగా తీస్తోంది" అని తిడతావు, రాసిపెట్టుకో. ఫోను మనం ఒక్కసారి నొక్కితే బోలెడు ఫ్రేములు తీసి కలిపేస్తుంది, నీడల్ని వెలిగిస్తుంది, ఆకాశం నీలం ఉంచుతుంది, అడక్కుండానే మొహాలు నున్నగా చేస్తుంది. కెమెరా తీసేది ఒక్క ఫ్రేమే, కిటికీకి ఎదురుగా తీశావా, అయితే మొహం నల్లన లేదంటే బయట తెల్లన. కానీ లోపల వెలుగుని పట్టే దాని సెన్సార్ మామూలు ఫోన్లదానికంటే చాలా రెట్లు పెద్దది. జడలో మల్లెపూలు తియ్యి ఒకసారి, ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ పూల చివర్లని కత్తెరేసినట్టు కోసేస్తుంటుంది, ఇందులో నిజంగానే మెత్తగా బ్లర్ అవుద్ది. మెగాపిక్సెల్స్ గోల మాత్రం వదిలెయ్, ఇందులో 24 ఉన్నాయి, 12x8 ప్రింటుకి 9 ఉంటే సరిపోద్ది.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల్ని తీస్తానన్నావు. 18-55 అంటే మూడు రెట్ల జూమే, గూడబాతులు చెట్ల మీద ఆరేసిన తెల్ల గుడ్డల్లా పడతాయి. దూరానివి దగ్గరగా లాగే 55-250 లెన్సు కొనాల్సిందే, అంటే ఇంకో ఖర్చు. కూర్చున్నవాటిని పొద్దున్నే ఎండలో హాయిగా తీస్తావు. ఎగిరేవాటికైతే దీనికి సెకనుకి మూడే ఫ్రేములు, తొమ్మిదే ఫోకస్ పాయింట్లు, పదింట్లో ఒకటొచ్చినా పండగ చేస్కో. వీడియో కోసమైతే అసలు కొనకు, బయటి మైక్ పెట్టుకోడానికి సాకెట్టే లేదు, స్క్రీన్ తిరగదు.

కొనేముందు లెన్సులోకి ఫోన్ టార్చి కొట్టి చూడు, సాలెగూడులా కనపడితే ఫంగస్, విజయవాడ ఉక్కకి అది మామూలే, అలాంటిది ఎంత చవకైనా వద్దు. తెల్ల గోడని అపర్చర్ 16లో పెట్టి ఒకటి తీసి జూమ్ చేసి చూడు, నల్ల చుక్కలుంటే సెన్సార్ మీద దుమ్ము, అది క్లీన్ చేయించుకోవచ్చు, బేరమాడు.

ఫొటోగ్రాఫర్‌కి అడ్వాన్స్ ఇచ్చెయ్ రా, ప్లీజ్. నువ్వు వాడు రాని చోట తియ్యి. పసుపు దంచేటప్పుడు, పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు, మామిడాకులు కడుతూ మీ మావయ్యలు కొట్టుకునేటప్పుడు, నానమ్మ అరుగు మీద పూలు గుచ్చేటప్పుడు. పగటి వెలుగులో పెరట్లో ఆ చవక కెమెరా దుమ్ము లేపుద్ది, చెల్లెమ్మ రేపు దాచుకునేవి కూడా అవే అవుతాయేమో.

అన్నట్టు ముహూర్తం ఎన్నింటికో రాయలేదు నువ్వు. అమ్మకి నమస్కారాలు చెప్పు. శుభలేఖ ఫొటో తీసి పంపు, ఫోన్‌తోనే.

నీ
రవిగాడు