కోత లేకుండా గుండె చికిత్స: ఎవరికి కుదురుతుందో కూడా రాయండి

ఎడిటర్ గారికి,

చిన్నపిల్లల గుండెలో రంధ్రాన్ని కోత లేకుండా మూసేశారని మీ పేపర్లో అప్పుడప్పుడూ వార్తలొస్తుంటాయి. సంతోషమే. కానీ ఆ పద్ధతి ఎవరికి కుదురుతుంది, ఎవరికి కుదరదు అన్నది ఒక్క ముక్క కూడా ఉండదు, ఇక ఆ కటింగ్ పట్టుకుని మా పిల్లాడికీ ఇదే చేయండని డాక్టర్‌తో వాదించే తల్లిదండ్రులను నేను చూశాను. వాళ్లను తప్పుపట్టలేం, పసివాడి ఛాతీ కోస్తారంటే ఎవరికి టెన్షన్ ఉండదు?

ఏఎస్‌డీ సంగతే తీసుకోండి, అంటే గుండె పై గదుల మధ్య గోడలో రంధ్రం. అది గోడ నడిమధ్యన ఉండి, చుట్టూ డివైస్, అంటే రంధ్రాన్ని మూసే చిన్న పరికరం, నిలవడానికి సరిపడా అంచు ఉంటే, గజ్జల్లోని రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి మూసేస్తారు, మామూలుగా ఒకట్రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. అదే రంధ్రం కిందికి, కవాటాల పక్కకు ఉంటే డివైస్ పెట్టరు, ఆపరేషనే. పేరు ఒకటే, చికిత్స వేరు! ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారిలోని పల్మనరీ కవాటం ఇరుకుగా ఉంటే చాలామందికి గొట్టం గుండా బెలూన్ పంపి వెడల్పు చేస్తే సరిపోతుంది. పుట్టాక మూసుకుపోవాల్సిన గుండె దగ్గరి రక్తనాళం తెరుచుకునే ఉండిపోయే పీడీఏకైతే 700 గ్రాముల బరువున్న నెలతక్కువ బిడ్డలకు కూడా వాడే డివైస్‌కు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. గుండెలో నాలుగు లోపాలు కలిసి ఉండే ఫాలో టెట్రాలజీని పూర్తిగా సరిచేయాలంటే మాత్రం సర్జరీ తప్పదు.

సర్జరీ అన్నా ప్రతిసారీ ఛాతీ మధ్య ఎముక కోయాలనేం లేదు, కొన్ని రంధ్రాలను చంక కింద చిన్న కోతతోనూ మూస్తున్నారు. కాకపోతే గుండెను ఆపి, గుండె, ఊపిరితిత్తుల పని తాను చేసే హార్ట్ లంగ్ మెషీన్ మీద పెట్టడం అక్కడా ఉంటుంది, ఈ మాట వార్తల్లో కనపడదు.

అసలు ఏమీ చేయకుండా ఆగడం కూడా ఒక దారే. కింది గదుల మధ్య కండర భాగంలో ఉండే చిన్న రంధ్రాలు చాలావరకు మొదటి కొన్నేళ్లలో వాటంతటవే మూసుకుపోతాయి, ఎకో (గుండె స్కాన్) తీయిస్తూ చూసుకుంటే చాలు. ఇది వార్త కాదు కాబట్టి ఎవరూ రాయరు!

డివైస్ పెట్టాక సాధారణంగా ఆరు నెలలు ఆస్పిరిన్ వాడాలి, అరుదుగా డివైస్ జారిపోవచ్చు, గుండె లయ తప్పొచ్చు. అవీ రాయండి. ఈసారి ఇలాంటి వార్త వేసేటప్పుడు రంధ్రం ఏ రకం, ఎక్కడుంది, ఆ బిడ్డకు డివైస్ ఎందుకు కుదిరింది అని పిల్లల కార్డియాలజిస్టును మీ రిపోర్టర్‌తో అడిగించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు