మీ రికార్డులో మారిన మెంబ్రేన్ మా మెషీన్‌లో మారలేదు

మడిపాక్కం, చెన్నై
16 అక్టోబర్ 2025

కస్టమర్ సర్వీసు విభాగం అధిపతి గారికి,

విషయం: మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఉన్నా వాటర్ ప్యూరిఫయర్ బాగుచేయకపోవడం, చేయని పనిని చేసినట్టు రాసుకోవడం.

అయ్యా,

మా వంటింట్లో ఉన్న మీ కంపెనీ ఆర్‌ఓ ప్యూరిఫయర్ సెప్టెంబర్ మొదటి వారం నుంచి సరిగ్గా పనిచేయడం లేదు. నేను మూడుసార్లు ఫిర్యాదు నమోదు చేశాను. మూడింటినీ మీవాళ్ళు మూసేశారు. మెషీన్ మాత్రం అలాగే ఉంది. మీ యాప్‌లో చూస్తే సెప్టెంబర్ 18న మా మెషీన్‌లో నీళ్ళలోని ఉప్పును వడకట్టే మెంబ్రేన్ మార్చినట్టు, ఆ పనితో మేం తృప్తిపడినట్టు ఉంది. ఆ రోజు మా ఇంటికి ఎవరూ రాలేదు. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ రాత గురించే. మెషీన్ అన్నాక చెడిపోతుంది, దానికి నాకు కోపం లేదు. మా పేరు మీద మీరు ఒక అబద్ధం రాసుకున్నారు, అది మాత్రం మింగుడుపడటం లేదు.

మా అపార్ట్‌మెంట్‌కి ఇంకా మెట్రోవాటర్ వాళ్ళ కుళాయి కనెక్షన్ రాలేదు. బోరు నీళ్ళు, అవి తగ్గినప్పుడు లారీ నీళ్ళు, రెండూ ఒకే సంపులో కలుస్తాయి. బోరు నీళ్ళు, కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ మీద 1,420 చూపిస్తాయి. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 2,000 దాకా సరిపెట్టుకోవచ్చు. అందుకే ఆర్‌ఓ పెట్టించుకున్నాం. మొదట్లో దాంట్లోంచి వచ్చే నీళ్ళు 80 దగ్గర ఉండేవి. సెప్టెంబర్ 7న కొలిస్తే 610 ఉంది.

మీటర్ కంటే ముందు మా అమ్మ కనిపెట్టింది. ఆమెకు డెబ్బై ఒకటి. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటోందని, ఎసరు పెట్టిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందని వారం నుంచి చెబుతోంది. పప్పు పాతదేమో అనుకుని నేనే పట్టించుకోలేదు. నీళ్ళు కాచి చల్లార్చి చూసింది. కాస్తే ఉప్పు పోదు కదా, ఇంకొంచెం చిక్కబడుతుంది. అమ్మకు ఒకప్పుడు కిడ్నీలో రాయి వచ్చింది, నీళ్ళు బాగా తాగమని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నీళ్ళు ఉప్పగా ఉండేసరికి తాగబుద్ధి కాక తగ్గించేసింది. వేరే ఎవరికో ఇది చిన్న అసౌకర్యం కావచ్చు, మా ఇంట్లో కాదు.

ఈ ఏడాది మార్చి 2న మీ యాప్‌లోనే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు తీసుకున్నాను. 5,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 5,900. ఏడాదిలో మూడు సర్వీసులు, ఫిల్టర్లు, అవసరమైతే ఒక మెంబ్రేన్ ఉచితమని ఆ కాగితంలో ఉంది. అది చూసుకునే డబ్బు కట్టాను.

మొదటి ఫిర్యాదు సెప్టెంబర్ 8, సోమవారం. బుధవారం మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా మెసేజ్ వచ్చింది, ‘కస్టమర్ ఇంట్లో లేనందున మీ అభ్యర్థన ముగించబడింది’ అని. అమ్మకు ఫోన్ చేశాను. ఆమె పొద్దుటి నుంచి హాల్లోనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. బెల్లు మోగలేదు. వాచ్‌మన్ దగ్గర గేటు రిజిస్టర్ తిరగేశాను, ఆ రోజు మీ కంపెనీ పేరుతో ఎవరూ లోపలికి రాలేదు. తలుపు వేసి ఉందనడానికి సాక్ష్యంగా మీ టెక్నీషియన్ ఒక ఫొటో కూడా పెట్టాడు. నీలం రంగు తలుపు, పక్కన చెప్పుల స్టాండు. మా తలుపు టేకు రంగులో ఉంటుంది, దాని ముందు ఇనప గ్రిల్లు ఉంటుంది, గుమ్మానికి అమ్మ కట్టిన మామిడాకుల తోరణం ఉంటుంది. మా తలుపు ఫొటో ఈ ఉత్తరంతో జతచేశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

రెండో ఫిర్యాదు 13న. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

నేను పగలు ఆఫీసులో ఉంటాను కాబట్టి యాప్‌లో రెండో నంబరుగా అమ్మ ఫోన్ ఇచ్చాను. 18వ తేదీ పదకొండున్నర దాటాక ఆమెకు మీ టెక్నీషియన్ ఫోన్ చేశాడు. అతను తమిళంలో మాట్లాడాడు. మా అమ్మది నెల్లూరు జిల్లా రాపూరు వైపు, చెన్నై వచ్చి ఆరేళ్ళయింది, తమిళం కూరగాయల బేరానికి సరిపడా వచ్చు. కింద ఉన్నానన్నాడట. ఫోన్‌కి ఒక నంబరు వచ్చి ఉంటుంది, ‘సొల్లుంగమ్మా’, అంటే చెప్పండమ్మా, అన్నాడట. అది మీరు హ్యాపీ కోడ్ అని పిలిచే నాలుగంకెల సంఖ్య. పని పూర్తయి మీకు తృప్తి కలిగాకే ఈ కోడ్ చెప్పండి అని ఆ మెసేజ్‌లో ఉంది, ఇంగ్లీషులో. అమ్మ ఎనిమిదో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. ఆ వాక్యం ఆమెకు అర్థం కాదు, అంకెలు మాత్రం తెలుసు. చదివి చెప్పింది. మనిషి పైకి వస్తున్నాడు కదా అని డికాషన్ వేడి చేసి పెట్టింది.

అతను రాలేదు. పావుగంటకు ఇంకో మెసేజ్ వచ్చింది. అది అయిదు నక్షత్రాలు ఇవ్వమని అడిగేదని ఆమెకు తెలియదు. రెండు గంటల దాకా కునుకు తీయకుండా కిటికీ దగ్గరే కూర్చుంది. సాయంత్రం నేను వచ్చి ఫోన్ చూసి, పని అయిపోయినట్టు రాసుకున్నారమ్మా అంటే ఆమె మొహం వాడిపోయింది. ‘నేనేమన్నా తప్పు చేశానా అమ్మే?’ అని అడిగింది. ఆ రోజు నుంచి తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తడం మానేసింది. మందుల షాపు వాళ్ళు చేసినా ఎత్తడం లేదు. తప్పు ఆమెది కాదని నేను ఎన్నిసార్లు చెప్పినా, నాకు రావలసిన సర్వీసు తనవల్లే పోయిందని అనుకుంటోంది. ఆ తప్పు మీది. దాన్ని ఒక పెద్దావిడ మోస్తోంది.

మూడో ఫిర్యాదు 20న నమోదు చేశాను. 26వ తేదీ నేను సగం రోజు సెలవు పెట్టుకుని ఇంట్లో ఉన్నాను. ఈసారి నిజంగానే ఒక కుర్రాడు వచ్చాడు. పని తెలిసినవాడు, ఓపిక ఉన్నవాడు. మట్టిని ఆపే సెడిమెంట్ ఫిల్టర్ విప్పి చూపించాడు, అడుగంటిన కాఫీ గిన్నెలా గోధుమరంగులో ఉంది. నీళ్ళు కొలిచాడు, మెంబ్రేన్ పోయింది, మార్చాల్సిందే అన్నాడు. మార్చమన్నాను. ఫోన్‌లో చూసుకుని తల అడ్డంగా ఊపాడు. మీ సిస్టమ్ ప్రకారం మాకు ఈ ఏడాది ఇవ్వాల్సిన ఉచిత మెంబ్రేన్ ఎనిమిది రోజుల కిందటే ఇచ్చేశారట. ఇంకోటి కావాలంటే 2,800 రూపాయలు కట్టాలట.

లోపల ఉన్నది పాతదేనని అతనే చెప్పాడు. లేబుల్ మీద ఉన్న సీరియల్ నంబరు, మేం మెషీన్ కొన్నప్పుడు ఇచ్చిన కార్డు మీది, రెండూ ఒకటే. రెండింటి ఫొటోలూ జతచేశాను. మరి 18న మా పేరున బయటికి వెళ్ళిన కొత్త మెంబ్రేన్ ఏ ఇంట్లో ఉందో, ఎవరి చేతిలో ఉందో మీరు కనుక్కోవాలి. అది నా డబ్బుతో వచ్చిన వస్తువు.

ఆ కుర్రాడి మీద ఏ చర్యా తీసుకోవద్దని ముందే అడుగుతున్నాను. వెళ్ళేముందు అతనే చెప్పాడు, రోజుకు ఇన్ని కాల్స్ అని ఉంటాయక్కా, 48 గంటల్లో మూయకపోతే ఇన్సెంటివ్ కోస్తారు అని. మండుటెండలో మడిపాక్కం నుంచి తాంబరం, తాంబరం నుంచి వేళచ్చేరి బండి మీద తిరిగేవాడికి ఆ లెక్క ఎలా ఉంటుందో నేను ఊహించగలను. అబద్ధం రాసినవాళ్ళను నేను వెనకేసుకు రావడం లేదు. ఫిర్యాదు తీర్చడానికి మెషీన్ విప్పాలి, ఒక గంట పడుతుంది. మూయడానికి ఒక ఫొటో, నాలుగంకెలు చాలు. రెండింటికీ మీరు ఒకే జీతం లెక్క కడితే మనుషులు ఏది ఎంచుకుంటారో మీకు తెలియనిది కాదు.

మర్నాడు ఆ ఫిర్యాదూ మూసేశారు, ‘కస్టమర్ డబ్బు చెల్లించడానికి నిరాకరించారు’ అన్న కారణంతో. ఇది పూర్తిగా అబద్ధం అనను. నిరాకరించాను. ఎందుకు నిరాకరించానో రాసే చోటు మాత్రం మీ యాప్‌లో లేదు.

ఆ తర్వాత మీ కస్టమర్ కేర్‌కి సెప్టెంబర్ 29న, అక్టోబర్ 3న, 9న ఫోన్ చేశాను. ప్రతిసారీ మొదటి నుంచి కథంతా చెప్పాను. ప్రతిసారీ ‘సిస్టమ్‌లో అలా ఉంది మేడమ్’ అన్నారు. సూపర్‌వైజర్ 24 గంటల్లో ఫోన్ చేస్తారన్నారు. ఒక్కరూ చేయలేదు. సిస్టమ్‌లో ఏముందో నాకూ కనిపిస్తోంది, అది తప్పని చెప్పడానికే కదా ఫోన్ చేసింది.

ఈ 38 రోజుల్లో 26 క్యాన్లు కొన్నాం. ఒక్కోటి 40 రూపాయలు, మొత్తం 1,040. క్యాన్ తెచ్చే అబ్బాయి బిల్లు ఇవ్వడు. అమ్మ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే ఒక్కో క్యాన్‌కి ఒక్కో గీత పెట్టింది, ఆ పేజీల ఫొటో పంపుతున్నాను. మాకు లిఫ్టు లేదు, మూడో అంతస్తు. అబ్బాయి రాని రోజున ఇరవై లీటర్ల క్యాన్ నేనే మోసుకొచ్చాను.

నీళ్ళ విషయంలో ఈ ఊరివాళ్ళకు ఉన్న భయం మీకు తెలిసే ఉండాలి. 2019 జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చుకున్న ఊరు ఇది. అమ్మ మా దగ్గరికి వచ్చింది ఆ ఏడాది చివర్లోనే. ఈ ఊరికి కృష్ణా నీళ్ళు తెచ్చే తెలుగుగంగ కోసం 1983లో ఒప్పందం జరిగితే, ఆ నీళ్ళు మొదటిసారి ఇక్కడి పూండి జలాశయం చేరింది 1996లో. ఆ కాలవ మొదలయ్యేది అమ్మ వాళ్ళ ఊరికి దగ్గర్లోని కండలేరు జలాశయం నుంచే. మా కండలేరు నీళ్ళు మద్రాసు దాకా వచ్చాయి గానీ మన కుళాయి దాకా రాలేదని ఆమె అప్పుడప్పుడూ అంటుంటుంది. ఆర్‌ఓ బాగున్నప్పుడే ఒక లీటరు మంచినీళ్ళకు రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. ఆ నీళ్ళు బకెట్‌లో పట్టి బాల్కనీ కడుక్కుంటాం, బాత్‌రూమ్‌లో వాడుకుంటాం. మెంబ్రేన్ మూసుకుపోయాక ఒక బిందె నిండేలోపు ఎన్ని బకెట్లు పోతున్నాయో చూడలేక మెషీన్ కట్టేశాను. మీరు పని వాయిదా వేసిన ప్రతి ఇంట్లో ఈ నీళ్ళు ఇలాగే కాలవలోకి పోతుంటాయి.

నేను అడిగేవి ఇవి. ముందుగా మీ రికార్డు సరిచేయాలి. సెప్టెంబర్ 10న అమ్మ ఇంట్లోనే ఉందని, 18న ఎవరూ రాలేదని, మెంబ్రేన్ మార్చలేదని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ 18వ తేదీ విషయం తెలుగులో ఒక కాగితం మీద రాసి మా అమ్మ పేరున పంపండి. ఆమె చదువుకుంటుంది. తర్వాత, కాంట్రాక్టు ప్రకారం మెంబ్రేన్, ఫిల్టర్లు డబ్బు అడగకుండా మార్చాలి. క్యాన్లకు అయిన 1,040 రూపాయలు తిరిగి ఇవ్వాలి. మెషీన్ పనిచేయని రోజులను కాంట్రాక్టు గడువుకు కలపాలి.

ఇంకొకటి, ఇది నా ఒక్కదాని కోసం కాదు. ఆ కోడ్ మెసేజ్ కస్టమర్ ఎంచుకున్న భాషలో పంపండి. చెన్నైలో తెలుగువాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళు కాదు. ఫోన్‌లో తమిళానికి ఒకటి, ఇంగ్లీషుకు రెండు, హిందీకి మూడు నొక్కమంటారు, తెలుగుకు ఏ అంకే లేదు. డబ్బుతో, సంతకంతో సమానమైన ఆ నాలుగంకెలను అర్థం కాని భాషలో పంపి, అవి చెప్పారు కాబట్టి మీరు ఒప్పుకున్నట్టే అనడం న్యాయం కాదు.

కాంట్రాక్టు మీ యాప్‌లో కొన్నదే కాబట్టి 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు మీకు వర్తిస్తాయి. మీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు తెలపాలి, నెలలో పరిష్కరించాలి. నేను అక్టోబర్ 4న ఈమెయిల్ పంపాను, అందినట్టు కూడా జవాబు లేదు. అక్టోబర్ 31 లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెబుతాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లో కేసు వేస్తాను. 2019 చట్టం ప్రకారం నేను ఉంటున్న చోటే వేసుకోవచ్చు, అయిదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. బెదిరించాలని ఇది రాయడం లేదు. నాకు కావాల్సింది కేసు కాదు, మంచినీళ్ళు.

సోమవారం దీపావళి. ఇంటికి చుట్టాలు వస్తారు. ఆ లోపు ఎవరినైనా పంపగలిగితే శుక్ర, శనివారాల్లో ఎప్పుడైనా రావచ్చు. ముందు నా నంబరుకే ఫోన్ చేయమనండి, అమ్మకు చేయవద్దు. నేను ఇంట్లో లేకపోయినా అమ్మ ఉంటుంది, తలుపు తీస్తుంది. కోడ్ మాత్రం పని అయ్యాక, నీళ్ళు కొలిచి చూశాక, నేనే చెబుతాను.

ఇట్లు,
మీ కాంట్రాక్టు కస్టమర్

జతచేసినవి: కాంట్రాక్టు రసీదు, మా తలుపు ఫొటో, మీ యాప్‌లోని తలుపు ఫొటో, మెంబ్రేన్ లేబుల్, మెషీన్ కార్డు ఫొటోలు, గేటు రిజిస్టర్ పేజీ, క్యాలెండర్ పేజీలు.