2025 వార్షిక నివేదిక: ఆదివారం విన్నది శనివారం దాకా (మన సహవాసం, చిత్తూరు)

సహవాస సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఏటా ఈ నివేదికలో ఎన్ని కూడికలు జరిగాయి, ఎవరెవరు వచ్చి వాక్యం చెప్పారు, కానుకలు ఎంత, ఖర్చు ఎంత అని వరసగా రాసుకుంటూ పోతాం, మీరేమో చివరి పేజీలో మిగులు ఎంతో చూసుకుని మడిచి బైబిల్లో పెట్టేస్తారు. ఈసారి లెక్కల కాగితం విడిగా నోటీసు బోర్డుకి అంటించాం. వచ్చి చూసుకోండి, అనుమానం ఉంటే కోశాధికారిగారిని నేరుగా అడగండి, ఆయన ఏమీ అనుకోరు. ఇక్కడ మాత్రం ఈ ఏడాది మనం నెత్తికెత్తుకున్న ఒక్క పని గురించే రాస్తున్నాను.

జనవరి కమిటీ మీటింగులో మన పెద్దాయన ఒకరు లేచి అన్న మాట మీలో చాలామంది చెవిన పడే ఉంటుంది. "వాక్యం వినడం మన ఇళ్లలో ఏం తగ్గలేదయ్యా. పొద్దున టీవీలో ఒకాయన, మధ్యాహ్నం యూట్యూబ్‌లో ఇంకొకాయన, రాత్రి పడుకునేముందు వాట్సాప్‌లో ఆడియో. తెల్లారి అడిగితే ఒక్కటీ గుర్తుండదు." ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆ రోజే తీర్మానం చేశాం, ఈ ఏడాది కొత్త కూడికలు ఏవీ పెట్టకూడదు, ఉన్న ఆదివారం వాక్యాన్నే వారమంతా దగ్గర పెట్టుకునే దారి చూడాలి అని. కొత్త సౌండ్ బాక్సులు కొనాలన్న ప్రతిపాదన కూడా అక్కడే ఆగిపోయింది, దానికి యవనస్థులు కాస్త మూతి ముడుచుకున్న మాట వాస్తవం.

ముందు చదవడం సంగతి. బైబిల్లో 1189 అధ్యాయాలు, రోజుకి 3, ఆదివారం 5 చొప్పున చదివితే ఏడాదిలో అయిపోతుందని లెక్క వేసి చార్టు పంచాం. ఆదికాండం హాయిగా సాగింది, నిర్గమకాండం సగం దాకా పరవాలేదు, లేవీయకాండంలో బలుల కొలతలు మొదలయ్యేసరికి చాలామంది చార్టు ఫ్రిజ్ మీదే ఉండిపోయింది. చదివినవాళ్లు కూడా టిక్కు పెట్టడానికే చదివామని ఒప్పుకున్నారు. మార్చి 5న భస్మ బుధవారం నాడు చార్టు పక్కన పెట్టి, సువార్తలు మొదలుపెడదాం, రోజుకి ఒక్క అధ్యాయం చాలు అన్నాం. నాలుగు సువార్తలూ కలిపి 89 అధ్యాయాలు, మూడు నెలల పని. ఇది నిలబడింది. ఇంట్లో ఒకరు గట్టిగా చదవాలి, మిగతావాళ్లు వినాలి, అంతే, ప్రసంగం చెయ్యక్కర్లేదు, పాట రాకపోతే పాడక్కర్లేదు. మిట్టూరులో ఒక అవ్వకి చదువు రాదు, మనవడు ఆరో తరగతి. వాడు ఒత్తులు మింగేస్తూ స్పీడుగా చదివేస్తుంటే ఆమె "ఆగరా, ఆ కుంటోణ్ణి ఎవురు మోసుకొచ్చిరో మళ్లా చదువు" అని ఆపుతుందట. నలభై ఏళ్లుగా మందిరానికి వస్తున్న మనిషి, ఇంట్లో కూర్చుని ప్రశ్న వేసి వాక్యం వినడం ఇదే మొదలని ఆమె కూతురు చెప్పింది. ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఉన్నదీ ఇదే కదా, ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు ఈ మాటలు మాట్లాడుకోమని.

రెండోది, ప్రసంగం తర్వాత పావుగంట. ప్రసంగం అరగంటకి మించకూడదని అయ్యగారిని (మన పాస్టరుగారిని) బతిమాలి ఒప్పించాం (పౌలు అర్ధరాత్రి దాకా చెబుతుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడిన సంగతి అపొస్తలుల కార్యాలు 20లో ఉంది, అయ్యగారే నవ్వుతూ గుర్తు చేశారు). మిగిలిన పావుగంట జనం మాట్లాడాలి. ఏం విన్నావు, ఈ వారం దానితో ఏం చేస్తావు, ఈ రెండే ప్రశ్నలు. మొదటి రెండు నెలలు ఘోరం. అందరూ "వాక్యం చాలా బాగుంది, ఆశీర్వాదకరంగా ఉంది" అని కూర్చునేవారు. తర్వాత ఒక ఆదివారం సామెతలు 11లోని మొదటి వచనం మీద, దొంగత్రాసు దేవునికి హేయమన్న దాని మీద ప్రసంగం అయింది. కూరగాయలు అమ్మే ఒక అక్క లేచి, తన కాటా కరెక్టే కానీ ఆకుకూరల మీద పొద్దున నీళ్లు చల్లాక ఆ తడి గోనెపట్టా తట్టలోనే ఉంటుందని, తూకంలో అది కూడా కలుస్తుందని, ఇన్నేళ్లూ దాన్ని తప్పని అనుకోలేదని చెప్పింది. రేపటినుంచి పట్టా తీసేసి తూస్తాను అంది. హాలు ఒక్కసారి నిశ్శబ్దం అయిపోయి, ఆ తర్వాత పాల కేంద్రం దగ్గర పనిచేసే తమ్ముడు మొదలుపెట్టాడు, చీటీలు వేసే పిన్ని మొదలుపెట్టింది, పావుగంట కాస్తా ముప్పావుగంట అయి వంటవాళ్లు కోప్పడ్డారు. నా మటుకు ఈ ఏడాది జరిగినవాటిలో అన్నిటికంటే పెద్ద పని అదే, పెద్ద దైవజనులెవరినీ పిలవకుండా జరిగింది.

ఏప్రిల్ 18 శుభ శుక్రవారం సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ధ్యానం, 20న ఈస్టర్ సూర్యోదయ ఆరాధన ఎప్పటిలాగే బాగా జరిగాయి, వివరాలు ఏప్రిల్ కరపత్రంలో ఉన్నాయి.

ఇక మామిడి సీజన్. మన జిల్లాలో జూన్, జూలై వస్తే మందిరంలో సగం కుర్చీలు ఖాళీ. పల్ప్ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు, తోటల్లో కోతలు. ఈ ఏడాది తోతాపురి ధర పడిపోయి రైతులు ఎంత అవస్థ పడ్డారో మీకు చెప్పక్కర్లేదు, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది, మొత్తం 12 అని చెప్పాక కూడా కాయల ట్రాక్టర్లు రోడ్డు పక్కన రోజుల తరబడి క్యూ కట్టాయి. మన సభ్యులు కూడా ఆ క్యూల్లో ఉన్నారు. యవనస్థులు ముగ్గురు నలుగురు రాత్రిళ్లు మజ్జిగ, నీళ్ల క్యాన్లు తీసుకెళ్లారు, బ్యానర్ పట్టుకెళ్లొద్దని కమిటీ ముందే చెప్పింది. ఒక ట్రాక్టరు కింద చాప వేసుకుని మన అన్న ఒకాయన ఫోన్ టార్చి వెలుగులో కీర్తనలు చదువుతుంటే పక్క ట్రాక్టరు ఆయన, మన విశ్వాసి కాదు, "కొంచెం గట్టిగా చదువన్నా, ఎట్లాగూ నిద్ర రాదు" అన్నాడట.

ఫ్యాక్టరీ అక్కలది వేరే ఇబ్బంది. ఆదివారం రాలేకపోతున్నారు కదా అని ప్రసంగాలు రికార్డు చేసి పంపాం. లోపల ఫోన్ తీసుకెళ్లనివ్వరు, చేతులకి గ్లౌజులు, తలకి క్యాపు, బయటికొచ్చాక నిద్ర తప్ప ఇంకేం పట్టదు, మనం పంపిన ఆడియోలు ఎవరూ తెరవలేదు. అప్పుడు స్త్రీల సమాజం వాళ్లు ఒక ఉపాయం చేశారు. 121వ కీర్తన, మొత్తం 8 వచనాలు, వారానికి ఒక్క వచనం కంఠతా పట్టాలి. బస్సు ఎక్కేటప్పుడు ఒకరికొకరు అప్పజెప్పుకోవాలి. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అనే కీర్తన మన ఊళ్లో నేర్చుకోవడానికి ఎవరికైనా తేలికే, తలెత్తితే చుట్టూ కొండలే కదా. సీజను అయ్యేసరికి మొత్తం కీర్తన పుస్తకం చూడకుండా చెప్పగలిగినవాళ్లు ఉన్నారు. టెంక తీసే మెషీన్ రొదలో మనసులో చెప్పుకుంటూ ఉంటే టైము తెలియలేదని ఒకామె సాక్ష్యం చెప్పింది. ఫోన్ పనికిరాని చోట పనికొచ్చేది ఏంటో అప్పుడు మాకు అర్థమైంది. ఆడియోల గ్రూపు జూలైలో మూసేశాం.

ఆగస్టులో ఆరోగ్యవరం వెళ్లొచ్చాం. ఒకప్పుడు మన జిల్లాలోనే ఉన్న మదనపల్లె పక్కన 1915లో టీబీ శానటోరియంగా మొదలైన ఆసుపత్రి అది. టీబీ మందు స్ట్రెప్టోమైసిన్ ఇంకా రాని కాలం, మంచి గాలి, తిండి, విశ్రాంతే వైద్యం. ఈ ప్రయాణం ఎందుకు పెట్టామో కొందరికి నచ్చలేదు కాబట్టి చెబుతున్నా. మనలో ఒకరిద్దరు ఎక్కడో వీడియోలో విన్న ప్రసంగం పట్టుకుని, విశ్వాసం ఉంటే మందులు అక్కర్లేదని షుగరు మాత్రలు మానేశారు. ఒకరు ఆసుపత్రి పాలయ్యారు, ఇప్పుడు బాగున్నారు. 1853లో అమెరికా మిషనరీలు స్కడర్ అన్నదమ్ములు ముగ్గురు ఆర్కాట్ మిషన్ పెట్టినప్పటినుంచీ మన ప్రాంతంలో వాక్యం, వైద్యం చెయ్యీ చెయ్యీ పట్టుకునే వచ్చాయి. మదనపల్లెలో పనిచేసిన జాకబ్ చాంబర్లేన్ డాక్టరూ, ప్రసంగీకుడూ ఆయనే. స్కడర్ కుటుంబంలోనే పుట్టిన ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిందే ఇవాళ మనం ఏం జబ్బొచ్చినా పరుగెత్తే వేలూరు సీఎంసీ ఆసుపత్రి. ఇవన్నీ చూసినవాళ్లకి మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గుతుందన్న ప్రసంగం ఎక్కదు. అపొస్తలుల కార్యాల్లో బెరయ ఊరివాళ్లు పౌలంతటివాడు చెప్పినా ఆ సంగతులు నిజమేనా అని ప్రతిరోజూ లేఖనాలు చూసుకున్నారట, మనం మాత్రం సూటు వేసుకున్న ప్రతి మనిషినీ నమ్మేస్తాం. కమిటీ మాట ఒకటే. ఏ ప్రసంగమైనా వినండి, వద్దనం. కానీ మందు మానమన్నా, వెంటనే గూగుల్‌పే చెయ్యమన్నా, పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందన్నా, ముందు అయ్యగారిని అడగండి, గ్రూపులో మాత్రం వెయ్యొద్దు.

పెరటాసి నెలలో (తమిళుల నెల, సెప్టెంబరు-అక్టోబరు) తమిళనాడు వైపునుంచి తిరుమలకి కాలినడకన వెళ్లేవాళ్లు మన రోడ్డు మీదుగానే పోతారు. ఈసారి కూడా మందిరం గేటు దగ్గర మంచినీళ్లు పెట్టాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోవిందా గోవిందా అంటూనే నడుస్తున్నారు, కాళ్లకి బొబ్బలు. గ్లాసులు కడుగుతున్న మన డీకనుగారు "వీళ్లు అన్ని మైళ్లు ఒకటే పేరు తలుచుకుంటా పోతున్నారు, మనం గాంధీ రోడ్డు దాటేలోపల ప్రభువుని మర్చిపోతాం" అన్నారు. దానికి మా దగ్గర సమాధానం లేదు, ఇంకో బిందె నీళ్లు తెచ్చి పెట్టాం.

సండే స్కూల్, వీబీఎస్ (సెలవుల్లో పిల్లల బైబిల్ తరగతులు), కోత పండుగ, కేరోల్స్ అన్నీ జరిగాయి. కేరోల్స్‌కి ఈసారి ప్రతి ఇంట్లో కేకు వద్దని చెప్పినా మీరు వినలేదు, పిల్లలకి జ్వరాలొచ్చాయి, వచ్చే ఏడాది మరమరాలు చాలు.

జరగనిది కూడా రాయాలి. బుధవారం తెల్లవారుజాము ప్రార్థన రెండు నెలలకే ఆగిపోయింది. పాల పని, బస్సుల పని ఉన్నవాళ్లకి ఆ టైము కుదరదు, రిటైరైనవాళ్లు చలికి రాలేదు. మళ్లీ మొదలుపెట్టే ఉద్దేశం లేదు, ఎవరి ఇంట్లో వాళ్లు ఆ సమయానికి మోకరించండి చాలు. మగవాళ్ల చిన్న గుంపు కూడా సాగలేదు. ఎందుకో మగవాళ్లే చెప్పాలి.

వచ్చే ఏడాదికి సామెతలు అనుకుంటున్నాం, 31 అధ్యాయాలు, తారీఖు ఎంతైతే ఆ అధ్యాయం, రోజు తప్పినా లెక్క తప్పదు. కంఠతా పట్టడానికి ఏ కీర్తన పెట్టాలో స్త్రీల సమాజం నిర్ణయిస్తుంది, మగవాళ్లకీ అదే. సర్వసభ్య సమావేశం ఆరాధన అయిన వెంటనే, భోజనానికి ముందు. ఈ నివేదిక మీద అడగాలనుకున్నవి అక్కడ అడగండి, రోడ్డు మీద కాదు. బైబిలు ఎవరిది వాళ్లు తెచ్చుకోండి, ఫోన్లో చదివేవాళ్లు చార్జింగ్ పెట్టుకుని రండి, మందిరంలో ఉన్న ఒక్క ప్లగ్గూ మైకుకే సరిపోతుంది.

ఇట్లు,
సహవాస కార్యదర్శి