వార్షిక నివేదిక: “ఏమీ లేదు” అని రాసినవారి పనులు

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

ఈ ఏడాది మన సైన్స్ ఫిక్షన్ అభిమాన సంఘం తలపెట్టిన పనులు దాదాపు అన్నీ జరిగాయి. ప్రత్యేక సంచిక వేళకు వచ్చింది. నెలవారీ చదువు సమావేశం ఒక్కటీ తప్పలేదు. చిత్ర ప్రదర్శనకు ఈసారి కొత్తవారే ఎక్కువ బొమ్మలు ఇచ్చారు. పాత సంచికల స్కానింగ్ మాత్రం సగంలో ఉంది. జమాఖర్చుల పట్టిక విడిగా అందుతుంది.

ఎక్కువగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. నివేదిక రాసే ముందు ప్రతి సభ్యుడికీ ఒక కాగితం ఇచ్చి, “ఈ ఏడాది సంఘం కోసం మీరు చేసిన పని రాయండి” అని అడిగాం. కథలు రాసినవారు, బొమ్మలు గీసినవారు నింపి ఇచ్చారు. మిగతావి చాలావరకు ఖాళీగా తిరిగొచ్చాయి. కొన్నింట్లో “ఏమీ లేదు” అని, కొన్నింట్లో “ఏదో ఉడతాభక్తి” అని ఉంది.

అందులో ఒకటి ప్రత్యేక సంచిక ప్రూఫులు దిద్దిన సభ్యురాలిది. ఆ సంచికలోని పెద్ద కథలో నాయకుడి ఎడమ చేతి మీదున్న కాలిన మచ్చ ఏడో అధ్యాయానికి వచ్చేసరికి కుడి చేతి మీదికి మారిపోయింది. కథ మలుపంతా ఆ మచ్చను గుర్తుపట్టడం మీదే నడుస్తుంది. రాసినవారు చూసుకోలేదు. సంపాదకులం రెండేసి సార్లు చదివినా మా కంటా పడలేదు. ఆవిడ మాత్రం ఆ పంక్తి పక్కన పెన్సిల్‌తో సన్నగా “ఏ చెయ్యి?” అని రాసి పంపారు. అప్పటికి అచ్చుకు రెండు రోజులే ఉంది. ఆవిడ కాగితంలో ఉన్న మాట: “ఏమీ లేదు.”

మరో సభ్యుడు తొలిసారి కథ రాసిన ఒక అమ్మాయికి ఉత్తరం రాశారు. “బాగుంది” అని ఊరుకోకుండా, ఏ వాక్యం దగ్గర చదవడం ఆపి మళ్లీ వెనక్కి వెళ్లారో, ఎందుకు వెళ్లారో చెప్పారు. రెండో భాగంతో మానేద్దామనుకున్న ఆ అమ్మాయి ఆ ఉత్తరం చూశాకే కథ పూర్తి చేశానని మాతో చెప్పింది. ఆయన్ని అడిగితే, “నేనేం చేశానండీ, చదివానంతే” అన్నారు.

అసలు సైన్స్ ఫిక్షన్ అభిమాన సంఘాలకు పునాది పడింది ఇలాంటి ఉత్తరాల వల్లే. 1926లో అమెరికాలో మొదలైన సైన్స్ ఫిక్షన్ కథల పత్రిక అమేజింగ్ స్టోరీస్ పాఠకుల ఉత్తరాలను చిరునామాలతో సహా అచ్చువేసేది. ఆ చిరునామాలు పట్టుకుని పాఠకులు ఒకరికొకరు రాసుకున్నారు, కలుసుకున్నారు, సంఘాలు కట్టుకున్నారు. వాళ్లూ చదివినవాళ్లే.

2019లో డబ్లిన్‌లో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభలో, అభిమానుల రచనలను భద్రపరిచే వెబ్‌సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌కు, సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో పురస్కారం దక్కింది. అందుకోవడానికి వేదికెక్కిన రచయిత్రి నవోమీ నోవిక్, ఆ సమూహంలో తామూ భాగమనుకునేవారందరినీ లేచి నిలబడమని కోరారు. అక్కడ రచనలను వెతుక్కోవడానికి తగిలించే గుర్తు మాటలను, అంటే ట్యాగులను, సర్దే పని కూడా స్వచ్ఛంద కార్యకర్తలదే. మన సభ్యులే ఆ హాల్లో ఉంటే ఎంతమంది లేచేవారు? ప్రూఫులు దిద్దినావిడ కుర్చీలోంచి కదిలేవారు కాదేమోనని నా దిగులు.

ఇందులో మా తప్పూ ఉంది. నిరుటి నివేదికలో రచయితల, చిత్రకారుల పేర్లే వేశాం. కథల్లోని ఘటనల కాలక్రమ పట్టికను ఏళ్ల తరబడి ఒక్క చేతి మీద నడిపిన సభ్యుడు ఈ ఏడాది అలసిపోయి ఆపేశారు. ఆపాక గానీ అది ఎంత పనో మాకు తెలియలేదు. ఆయన ఎన్నడూ తోడు అడగలేదు. తాను చేస్తున్నది ఒక పని అని ఆయనే అనుకోలేదు, ఇక తోడు ఎలా అడుగుతారు? నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. మన పనికి మనం విలువ కట్టుకోకపోతే అది వినయం దగ్గర ఆగదు. సాయం కోరలేం, ఇంకొకరికి నేర్పలేం, కొన్నాళ్లు విశ్రాంతి కావాలని చెప్పలేం. ఇప్పుడు ఆ పట్టికను ముగ్గురు పంచుకున్నారు. మొదటి నెల ఆయనే దగ్గరుండి నేర్పారు.

అందుకని కార్యవర్గం ఒక రిజిస్టరు తెరిచింది. ఎవరి పని వాళ్లే, తమ చేతి రాతతో రాయాలి. “సాయం చేశాను” అంటే చాలదు. ఏం చేశారో, ఎవరి కోసం చేశారో ఉండాలి. కొత్తగా చేరినవారి పక్కన కూర్చుని పాత్రల చుట్టరికాలు విడమర్చి చెప్పినా రాయండి. సమావేశంలో మాట పెరిగినప్పుడు ఇద్దరినీ చల్లబరిచినా రాయండి. వచ్చే సంచిక నుంచి ప్రూఫులు దిద్దినవారి పేర్లు, చిత్తుప్రతి చదివినవారి పేర్లు రచయిత పేరున్న పేజీలోనే వస్తాయి.

రిజిస్టరు సంగతి చెప్పిన వారానికి ప్రూఫులు దిద్దినావిడ వచ్చి తన కాగితం వెనక్కి అడిగారు. “ఏమీ లేదు” కొట్టేసి, కింద పెన్సిల్‌తోనే రాశారు: “ఏడో అధ్యాయంలో మచ్చ చెయ్యి మారింది. పట్టుకున్నాను.” రిజిస్టరులో మొదటి పేజీకి ఆ కాగితాన్నే అంటించాం.

కార్యదర్శి