నాన్నగారికి, మోడెమ్ సంగతులు

మాడిసన్, విస్కాన్సిన్
జనవరి 1989

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. ఈ చలిలో రాత్రిళ్ళు ల్యాబ్‌కి వెళ్ళొద్దని అమ్మ రాసింది కదా, ఇక ఆ టెన్షన్ అక్కర్లేదని చెప్పండి. సెకండ్ హ్యాండ్‌లో కమొడోర్ 64 ఒకటి కొన్నాను. 1982లో వచ్చిన కంప్యూటర్, ఎక్కువగా పిల్లలు ఆటలకి వాడతారు. దాన్ని టీవీకి తగిలించి, వెనక మోడెమ్ (కంప్యూటర్ అక్షరాల్ని ఫోన్లో పంపగలిగే శబ్దాలుగా మార్చే పెట్టె) పెట్టి ఫోన్ లైనుకి కలిపితే, మా డిపార్ట్‌మెంటులోని వ్యాక్స్ అనే పెద్ద కంప్యూటర్‌కి ఇంట్లోంచే టెర్మినల్ అయిపోతుంది. అసలు పనంతా అక్కడే జరుగుతుంది. ఇది నేను నొక్కిన అక్షరాన్ని పంపి, అటునుంచి వచ్చిన అక్షరాన్ని చూపిస్తుంది, అంతే.

మీకైతే ఇది వివరంగా చెప్పాలనిపిస్తోంది. మీ టెలిగ్రాఫ్ ఆఫీసు టెలిప్రింటర్ ప్రతి అక్షరానికి ముందు ఒక స్టార్టు పల్సు, తర్వాత ఒక స్టాపు పల్సు పంపుతుందని నా చిన్నప్పుడు చెప్పేవారు. ఇక్కడా అచ్చం అదే! మీది 50 బాడ్, అంటే సెకనుకి 50 పల్సులు, నాది 300. మీకు అక్షరానికి అయిదు పల్సులు, మాకు ఎనిమిది. స్టార్టు, స్టాపు కలిపితే పది, అంటే సెకనుకి 30 అక్షరాలు. ఒకటికి, సున్నాకి వేరువేరు శ్రుతుల్లో ఈల వేస్తుంది మోడెమ్. నా వైపు ఈలలు 1270, 1070 హెర్ట్జ్, అటువైపువి 2225, 2025. శ్రుతులు వేరు కాబట్టే ఒకే తీగ మీద ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోగలరు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది. నేను 'ఎ' నొక్కగానే అది నేరుగా తెర మీద పడదు. వ్యాక్స్ దాకా వెళ్ళి, అది తిరిగి పంపితేనే నాకు కనబడుతుంది. కనబడిందంటే చేరినట్టే. లైన్లో గరగర వచ్చి అక్షరం మారితే అక్కడికక్కడే తెలిసిపోతుంది. టెలిగ్రాంలో అంకెలు తప్పు పోకూడదని చివర మళ్ళీ కొట్టేవారు మీరు. ఇక్కడ ఆ సరిచూసుకోవడం అక్షరం అక్షరానికీ జరుగుతోంది.

ఇబ్బందులూ లేకపోలేదు. వ్యాక్స్ మామూలుగా వరసకి 80 అక్షరాల చొప్పున 24 వరసల తెర అనుకుంటుంది. నా టీవీలో వరసకి 40 మాత్రమే పడతాయి. పైగా ఆ తెరంతా ఒకసారి నిండాలంటే నిమిషం దాటుతుంది. అందుకే ప్రోగ్రాం రాసి దిద్దుకోవడానికి, తెరంతా వాడే 'వీఐ' అనే ఎడిటర్ వదిలేసి పాత 'ఈడీ' పట్టుకున్నాను. అది అడిగిన వరస ఒక్కటే చూపిస్తుంది, తప్పు కమాండ్ ఇస్తే ఒక ప్రశ్నార్థకం పడేసి ఊరుకుంటుంది. ఈ లైనుకి అదే మేలు. ప్రోగ్రాంలో ఏ వరస ఎక్కడుందో ఇప్పుడు నాకు కంఠతా వచ్చేసింది. పని మధ్యలో రూమ్మేట్ వంటింట్లో ఫోనెత్తితే మాత్రం తెర నిండా పిచ్చి గుర్తులు పడి, ఒక్కోసారి లైనే తెగిపోతుంది. అందుకని తను పడుకున్నాకే కూర్చుంటున్నాను.

కాలేజీలో సీరియల్ కమ్యూనికేషన్ (ఇలా ఒక్కో పల్సూ వరసగా పంపడం) పాఠం అర్థం కావట్లేదని తమ్ముడు రాశాడు. ఒక ఆదివారం మీ డ్యూటీ వేళకి వాణ్ణి ఆఫీసుకి తీసుకెళ్ళి, టెలిప్రింటర్ పక్కన కూర్చోబెట్టి ఒక్కో పల్సూ చెప్పండి. ఆ పాఠం మీకన్నా బాగా చెప్పేవాళ్ళు వాడికి దొరకరు.

మీ అమ్మాయి