మెయిల్ ఫోల్డర్ ఏ ఫార్మాట్‌లో ఉందో తేల్చుకోవడం గురించి

హనుమకొండ

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మేమంతా క్షేమం, కరీంనగర్‌లో మీరంతా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. కొత్తవాడ చేనేత సంఘం వారి పాత మెయిళ్లను కొత్త కంప్యూటర్‌లోకి మార్చే ప్రోగ్రామ్ రాస్తున్నానని, ఫైల్ పేరు చివర ఉన్న ఎక్స్‌టెన్షన్‌ను బట్టి ఫార్మాట్‌ను గుర్తించాలని అనుకుంటున్నానని రాశావు. ఏళ్ల తరబడి వచ్చిన జంపఖానాల ఆర్డర్లు, ధరల బేరసారాలు అన్నీ ఆ మెయిళ్లలోనే ఉన్నాయి కనుక, ఆ ఒక్క పని చేయవద్దని చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనేవారు బస్తా మీద రాసినదాన్ని చూసి ధర కట్టరు. మూతి విప్పి, పిడికెడు కాయలు చేతిలోకి తీసుకున్నాకే మాట చెబుతారు. నీ ప్రోగ్రామ్ కూడా అలాగే లోపల చూడాలి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌నే తీసుకో. అందులో మెయిళ్లన్నీ ఉండే ‘ఇన్‌బాక్స్’ ఫైలుకు ఎక్స్‌టెన్షనే ఉండదు. దాని పక్కన అదే పేరుతో, చివర ‘ఎంఎస్‌ఎఫ్’ అని ఉండే ఫైలు కేవలం సూచిక. ఉత్తరాల పూర్తి పాఠం అందులో ఉండదు. పేరునే నమ్మితే అసలును వదిలి సూచికను పట్టుకుంటావు.

ముందుగా అడగవలసింది, అది ఫైలా, డైరెక్టరీయా (అంటే ఫోల్డరా) అని. డైరెక్టరీ అయితే అందులో ‘కర్’ (cur), ‘న్యూ’ (new), ‘టెంప్’ (tmp) అనే ఉప డైరెక్టరీలు ఉన్నాయేమో చూడు. ఉంటే అది మెయిల్‌డిర్ అనే ఫార్మాట్. క్యూమెయిల్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ రాసిన డేనియల్ బెర్న్‌స్టీన్ రూపొందించిన ఈ పద్ధతిలో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. అయితే మూడూ ఉండి తీరాలని పట్టుబట్టకు. థండర్‌బర్డ్ తయారుచేసే మెయిల్‌డిర్‌లో ‘న్యూ’ ఉండదు. మట్ అనే పాత మెయిల్ ప్రోగ్రామ్‌కు ‘కర్’ ఒక్కటి కనబడితే చాలు. అవేవీ లేకుండా 1, 2, 3 అని అంకెలే పేర్లుగా ఉన్న ఫైళ్లు కనిపిస్తే, ఒక్కో ఉత్తరాన్ని ఒక్కో ఫైలుగా ఉంచే ఎంహెచ్ అనే మరో ఫార్మాట్ కావచ్చు. కానీ స్కాన్ చేసిన బిల్లులకూ అలాంటి పేర్లే పెడతారు కనుక, ఒకటి తెరిచి పైన మెయిల్ హెడర్లు, అంటే పంపినవారు, తేదీ, విషయం తెలిపే వరుసలు, ఉన్నాయో లేదో చూడక తప్పదు.

ఫైలు అయితే మొదటి వరుసలోనే చాలావరకు తేలిపోతుంది. ‘ఫ్రమ్’ అనే మాట, ఆ వెంటనే ఖాళీ, పంపినవారి చిరునామా, వారం, నెల, తేదీ, సమయం, సంవత్సరం ఉంటే అది ఎంబాక్స్ అనే ఫార్మాట్. అదే ‘ఫ్రమ్’ పక్కన ఖాళీకి బదులు కోలన్ ఉంటే అది హెడర్ మాత్రమే; నీ చేతిలో ఉన్నది బహుశా విడిగా భద్రపరచిన ఒకే ఉత్తరం. ఆ ఒక్క అక్షరం తేడా మీదే ఎంతో ఆధారపడి ఉంది. ఎంబాక్స్‌లో ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో ఒకదాని వెంట ఒకటి ఉంటాయి కనుక, ఉత్తరం మధ్యలో ఎవరైనా ఆ మాటతోనే వరుస మొదలుపెడితే, దాని ముందు ‘>’ గుర్తు చేర్చి భద్రపరుస్తారు. అలా చేర్చని ప్రోగ్రాములు కూడా ఉన్నాయి, అక్కడే ఒక ఉత్తరం రెండుగా చీలిపోతుంది. అందుకని ఆ మాటతో ఆగకుండా, వెనుక తేదీ సరైన రూపంలో ఉందా, పైన ఖాళీ వరుస ఉందా అనేవి కూడా పరీక్షించు. మొదటి వరుసలో కంట్రోల్-ఏ అనే, తెర మీద అక్షరంగా కనబడని గుర్తులు నాలుగు వరుసగా ఉంటే ఎంఎండీఎఫ్ అనే మరో పాత ఫార్మాట్. మొదటి నాలుగు బైట్లు ‘!బీడీఎన్’ (!BDN) అని ఉంటే అవుట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రామ్ వాడే పీఎస్‌టీ ఫార్మాట్.

సున్నా బైట్ల ఫైలు ఎదురైతే అందులో ఏ సాక్ష్యమూ ఉండదు. మట్ అలాంటిదాన్ని, సెట్టింగులో వేరే మాట లేకపోతే, ఎంబాక్స్‌గానే భావిస్తుంది. నీవు మాత్రం ఖాళీ అని నమోదు చేసి ముందుకు సాగు.

ఇంకొక సూక్ష్మం నాకు చాలా నచ్చుతుంది. పాత యూనిక్స్ పద్ధతిలో ఎంబాక్స్‌ను చివరిసారి చదివిన సమయం కన్నా మార్చిన సమయం తర్వాతిదైతే కొత్త మెయిల్ వచ్చిందని లెక్క. ఫార్మాట్ తెలుసుకోవడానికి నీవు ఫైలును తెరిచి చదివితే చాలు, చదివిన సమయం మారి ఆ గుర్తు చెరిగిపోవచ్చు. అందుకే మట్ తొంగి చూసిన తర్వాత పాత సమయాన్ని తిరిగి అక్కడే పెడుతుంది. ఇంటివాళ్ల వస్తువును చూసి ఉన్నచోటే పెట్టే ఆ మర్యాద నీ ప్రోగ్రామ్‌లోనూ ఉండాలి.

ఏ పరీక్షకూ లొంగని ఫైలు ఎదురైతే, దగ్గరగా ఉన్న పేరు అంటగట్టకుండా ‘తెలియదు’ అని స్పష్టంగా చెప్పించు. తప్పుగా గుర్తించి చదివితే తెర మీద చెత్త కనిపిస్తుంది, అంతే. తప్పుగా గుర్తించి అందులోకి రాస్తే ఆ సంఘం వారి మెయిళ్లు మళ్లీ దొరకవు.

కాబట్టి మొదట వారి మెయిళ్లన్నీ ఉండే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించి, నీ పరీక్షలన్నీ ఆ కాపీ మీదనే చేయి. నీ ప్రోగ్రామ్ ‘తెలియదు’ అన్న ప్రతి ఫైలు నుండి మొదటి కొన్ని వరుసలు, చిరునామాలు చెరిపేసి, నాకు పంపు. ఆదివారం కూర్చొని చూస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు