ఈసారి ఏం కావాలో రాయి

ఎస్.కోట
సెప్టెంబరు 3

అమ్మలూ సిరీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకు మోకాలి నొప్పి తగ్గింది, పొద్దున్నే మళ్ళీ నడకకు వెళ్తున్నారు. మొన్నటి గాలివానకు సన్నజాజి పందిరి ఒరిగిపోతే సూర్యం మావయ్య వచ్చి కొత్త కర్ర పాతాడు. చవితికి పత్రి నేనే వెళ్ళి తెచ్చాను. ఉండ్రాళ్ళు ఎప్పటి లెక్కకే చేసేశాను, మిగిలిపోయాయి. లక్ష్మత్త వాళ్ళు వచ్చారు. బుజ్జి కూడా వచ్చాడు. వాడు ఒక మాట చెప్పాడు, అది తర్వాత రాస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటంటావేమో. పదకొండు రోజులుగా నువ్వు ఫోన్లో దొరకడం లేదు కదా. నేను వంటిల్లు సర్దుకుని ఎనిమిదిన్నరకు కూర్చునేసరికి నీకు అర్ధరాత్రి. జపాన్‌కూ మనకూ మూడున్నర గంటల తేడా సంగతి నాకు తెలుసు, నిద్ర చెడగొట్టడం ఎందుకని ఊరుకుంటున్నాను. కానీ నీ మెసేజ్ మాకు రాత్రి పదిన్నరకు వస్తోంది. అంటే అక్కడ రెండు గంటలు. "బాగున్నానమ్మా" అని ఒక్క ముక్క. రెండింటి దాకా మేలుకుని ఏం చేస్తున్నావు తల్లీ? పొద్దున్నే పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి బడికి వెళ్ళాలి కదా.

సరే, అది వదిలేయ్.

ఇంట్లో జెర్రి కనిపించిందన్నావు. కొండల్లో పాత ఇల్లు, వానాకాలం, వస్తాయి. బూట్లు వేసుకునే ముందు దులుపు. పరుపు మడిచి అలమరలో పెట్టేసి ఊరుకోకు, ఎండ వచ్చిన రోజు తప్పకుండా ఆరేయి. అక్కడి వాళ్ళందరూ ఆరేస్తారని నువ్వే చెప్పావు. ఆ చాప నేల తడి పీల్చుకుంటుంది, బూజు పడుతుంది. తడి తువ్వాలు దానిమీద పడేయకు. నీకు ఆ అలవాటు ఉంది.

చెత్త సంచీ తప్పు రోజున పెడితే స్టిక్కర్ అంటించి వదిలేశారని ఆ రోజు అంత బాధపడ్డావెందుకు? కాల్చే చెత్త ఏ రోజు, సీసాలు ఏ రోజు అని పక్కింటి మామ్మగారిని అడిగి కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించు. ఆవిడ నీ గుమ్మంలో వంకాయలూ దోసకాయలూ పెట్టి వెళ్ళిందన్నావు కదా, ఆ గిన్నె తిరిగి ఇచ్చావా? ఖాళీ గిన్నె ఇవ్వకూడదు. మన దగ్గరే కాదు, ఏదైనా పుచ్చుకుంటే మళ్ళీ ఏదో ఒకటి ఇవ్వడం అక్కడా మర్యాదేనట. కాస్త చక్కెర పొంగలి చేసి ఇవ్వు. మీ ఊరి బియ్యానికి ఆ దేశంలో ఎంతో పేరుందట, నితా బియ్యమంటారని చదివాను. అన్నం ముద్దగా అవుతుందని దిగులుపడ్డావు గానీ పొంగలికీ దద్దోజనానికీ అదే బాగుంటుంది. పెరుగు దొరుకుతోందా?

మొన్న ఒకటో తేదీన మీ బడిలో భూకంపం డ్రిల్ చేయించే ఉంటారు. 1923లో టోక్యో వైపు పెద్ద భూకంపం వచ్చిన రోజు అదే కదా. బల్ల కింద దూరడం సిగ్గనుకోకుండా పిల్లలతో పాటు నువ్వూ చెయ్యి. ఊళ్ళో మైకులోంచి సాయంత్రం ఐదింటికి పాట వస్తే మొదటి రోజు భయపడ్డానన్నావు. ఆపద వేళ మైకు పనిచేస్తుందో లేదో అలా రోజూ చూసుకుంటారట. ఆ మాట చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. సెప్టెంబరు తుపాన్ల నెల. టార్చీ, మంచినీళ్ళు, పాస్‌పోర్టు, ఆ రెసిడెన్స్ కార్డు ఒకే సంచీలో తలుపు దగ్గర పెట్టుకో. అంబులెన్స్‌కు 119, పోలీసుకు 110. నాన్న రోజూ పేపర్ కంటే ముందు మీ ఊరి వాతావరణం చూస్తున్నారు. "ఒకుఇజుమోలో ఈ రోజు వాన" అని గట్టిగా చెప్పి అప్పుడు కాఫీ తాగుతారు.

మధ్యాహ్నం పిల్లలతో పాటు బడి భోజనమే కదా. నెల మొత్తానికీ ఏ రోజు ఏం వండుతారో ముందే కాగితం ఇస్తారన్నావు. ఎవరైనా టీచరమ్మను అడిగి ఆవు, పంది అనే ఆ రెండు అక్షరాలూ రాయించుకో. కాగితంలో అవి ఉన్న రోజులకు ఎర్ర గీత పెట్టుకుని ఆ పూటకు ఇంటి నుంచి అన్నం పట్టుకెళ్ళు. చేప మనం తింటాం కాబట్టి మిగతా వాటికి బెంగ లేదు. పాలు మాత్రం వదలకు. గొంతు ఆ రోజు సన్నగా వినిపించింది నాకు.

ఆ రోజంటే, నువ్వు చివరిసారి సరిగ్గా మాట్లాడిన రోజు. రెండో టర్మ్ మొదలైన వారం. తొమ్మిది మంది పిల్లల క్లాసు, ఎవరూ నోరు తెరవరు, టీచరుగారు చదవమంటే నువ్వు చదువుతావు, నీ వెనక వాళ్ళు చదువుతారు. "టేప్ రికార్డర్‌లా ఉన్నానమ్మా" అన్నావు. ఆ మాట అన్నాక ఇంకేదో చెప్పబోయి, చార్జింగ్ లేదని పెట్టేశావు.

ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల ముందు నిలబడుతున్నదాన్ని, కాబట్టి చెప్తున్నాను. పిల్లలు నోరు మూసుకున్నారంటే నువ్వు నచ్చలేదని కాదు. తప్పు చెప్తే పక్కవాడు నవ్వుతాడని భయం. అందరి ముందూ లేపి అడగకు. ఇద్దరిద్దరిని కలిపి ఒకరితో ఒకరిని మాట్లాడించు, నువ్వు బల్లల మధ్య తిరుగుతూ చెవి పెట్టు. పిల్లలు బడి ఊడ్చేటప్పుడు నువ్వూ చీపురు పట్టు. వంగి ఊడ్చే టీచరంటే పిల్లలకు భయం పోతుంది. పేర్లు త్వరగా నేర్చుకో. పేరు తప్పు పలికితే దిద్దమను. ఇలా పాఠం చెప్పకూడదనే అనుకున్నాను, అయినా చెప్పేస్తున్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎప్పుడూ నీకు పూర్తిగా చెప్పలేదు.

నాకు మొదటి పోస్టింగు 1994లో పెదబయలు అవతల వచ్చిందని నీకు తెలుసు. ఎలా ఉండేదో తెలియదు. ఇరవై రెండేళ్ళు నాకు. అరకులో రైలు దిగి, పాడేరు బస్సెక్కి, అక్కడి నుంచి జీపు, ఆ పైన నాలుగు కిలోమీటర్లు నడక. రెండు గదుల బడి. పిల్లలు ఇళ్ళల్లో కొండ ఒడియా మాట్లాడేవారు. నేను తెలుగులో "కూర్చోండి" అంటే లేచి నిలబడేవారు. బోర్డు మీద రాసి వెనక్కి తిరిగితే అందరూ నా వైపే చూస్తూ ఉండేవారు, ఒక్క మాట లేదు. సాయంత్రం ఆరు దాటితే చీకటి. కిరోసిన్ బుడ్డి, దోమలు, వాన చప్పుడు. రోజూ ఏడ్చేదాన్ని. ఏడ్చి, మొహం కడుక్కుని, ఇన్‌లాండ్ కవరు తీసి "నేను ఇక్కడ క్షేమం. పిల్లలు చాలా మంచివాళ్ళు. గాలి చల్లగా ఉంటుంది" అని రాసేదాన్ని. నెలన్నరలో అలాంటివి ఆరు రాశాను. అమ్మ బెంగపడుతుందని, ఉద్యోగం వచ్చిందని ఊరంతా మిఠాయి పంచారు కదా, ఇప్పుడు చేతకాలేదని ఎలా చెప్పాలని.

ఒక రోజు మధ్యాహ్నం వానలో తడుస్తూ తాతయ్య వచ్చారు. చెప్పాపెట్టకుండా. భుజాన మూట, చేతిలో స్టేషన్ లాంతరు. మూటలో ఆవకాయ జాడీ, దోమతెర, రెండు కిలోల మరమరాలు. నా ఆరు ఉత్తరాలూ చొక్కా జేబులో మడతపెట్టి ఉన్నాయి. "ఏం నాన్నా, ఇలా వచ్చావు?" అన్నాను. "ఆరు ఉత్తరాలు రాశావు, ఒక్కదాంట్లో కూడా ఫలానాది పంపించు అని లేదు. ఇంట్లో ఉండగా రోజుకు పది అడిగేదానివి. ఏమీ అడగడం లేదంటే ఏదో అయిందనుకున్నాను" అన్నారు.

రెండు రోజులున్నారు. నన్ను ఏమీ గుచ్చి అడగలేదు. వరండాలో కూర్చుని లాంతరు ఒత్తి సరిచేస్తుంటే పిల్లలు చుట్టూ చేరారు. వాళ్ళతో ఒడియాలో మాట్లాడటం మొదలుపెట్టారు! రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా కొరాపుట్ వైపు వాళ్ళతో పనిచేసి నేర్చుకున్న రైల్వే ఒడియా. తాతయ్యకు అది వచ్చని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన తప్పు మాట్లాడితే పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు, దిద్దుతున్నారు. నెలన్నరగా నోరు విప్పని పిల్లలు. ఆ రాత్రి అన్నం తింటూ, "వాళ్ళకు నేర్పడం తర్వాత, ముందు వాళ్ళ దగ్గర రోజుకు పది మాటలు నేర్చుకో. పిల్లలకు పెద్దవాళ్ళకు నేర్పడమంటే మహా సరదా" అన్నారు. మర్నాడు సుద్దముక్క పిల్లల చేతికిచ్చాను. నీళ్ళు పాని, అన్నం భాత్. అలా మొదలైంది.

వెళ్ళేటప్పుడు లాంతరు నాకే వదిలేశారు. దాని కింద అరవై రూపాయలు పెట్టారు. "ఇవి ఇంటికి రావడానికి. ఇంక దేనికీ ఖర్చుపెట్టకు. ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు వచ్చేయ్, ఎందుకని ఎవరూ అడగరు" అన్నారు. ఆ డబ్బుతోనే దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. వచ్చి మూడు రోజులు నిద్రపోయాను. సెలవులయ్యాక తిరిగి వెళ్ళాను. బస్టాండులో తాతయ్య మళ్ళీ అరవై చేతిలో పెట్టారు. నాలుగేళ్ళూ అంతే.

నీకు పోస్టింగు ఆ ఊరని తెలిసిన రోజు తాతయ్యే గుర్తొచ్చారు నాకు. మన స్టేషన్ మీదుగా ఖనిజం బండ్లు వెళ్తుంటే నన్ను భుజాన ఎత్తుకుని, "ఇదంతా జపాన్ వెళ్తుందే" అని చూపించేవారు. బైలదిల్లా గనుల ఇనుము అక్కడికి పంపడానికే 1960లలో వేసిన లైను ఇది. మీ ఊరేమో పూర్వం నుంచి ఇసుకలోంచి ఇనుము తీసిన ఊరట, కత్తులకు ఉక్కు ఇప్పటికీ చలికాలంలో అక్కడే చేస్తారట. కొండ ఎక్కలేక రైలు ముందుకీ వెనక్కీ మూడు మెట్లుగా వెళ్ళే చోటు మీ లైన్లోనే ఉందని నువ్వు ఫోటో పంపావు. అది తాతయ్య చూడాల్సింది. ఆయన ఫోటో ముందు పెట్టి చూపించాను.

బుజ్జి చెప్పింది ఇప్పుడు రాస్తాను. ఒసాకా నుంచి హైదరాబాద్‌కు టికెట్ ఎంతవుతుందని, ఒకవైపుకు మాత్రమే అని, వాడిని అడిగావట. వాడు లక్ష్మత్తకు చెప్పాడు, అత్త ఉండ్రాళ్ళు తింటూ నన్ను అడిగింది, "సిరి వచ్చేస్తోందటగా" అని. నాకు తెలిసినట్టే తలూపాను. నాన్నకు ఇంకా చెప్పలేదు. బుజ్జి మీద కోపం తెచ్చుకోకు, వాడు మంచికే చెప్పాడు.

రావాలనుకుంటే రా. ఒప్పందం ఏడాదికని, మధ్యలో వస్తే అందరూ ఏమనుకుంటారోనని, అన్ని ఇంటర్వ్యూలు దాటి వెళ్ళానే అని లెక్కలు వేసుకోకు. 1890లో మీ దగ్గరి మత్సుయె ఊరికి ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన రచయిత హెర్న్‌గారి గురించి వెళ్ళే ముందు నువ్వే నాకు చెప్పావు. ఆయన కూడా నీలాగే ఆగస్టులోనే ఆ ఊరు చేరాడు. అంత ఇష్టపడిన ఊరు, అయినా చలికి తట్టుకోలేక మరుసటి ఏడాదే కుమమొతో అనే ఊరికి వెళ్ళిపోయాడు. ఆయన్ని ఎవరేమన్నారు? మత్సుయెలో ఆయన ఇల్లు ఇప్పటికీ చూపిస్తారు.

ఉండాలనుకుంటే మాత్రం ఇప్పుడే చలికి సిద్ధం కావాలి. మీ దగ్గర మంచు పడుతుంది. ఇల్లంతా వెచ్చబెట్టే ఏర్పాటు ఉండదట, కిరోసిన్ స్టవ్ గదిలో పెట్టుకుంటారట. అది వెలిగించి తలుపులన్నీ బిగించుకుని పడుకోకు. మధ్య మధ్యలో కిటికీ తియ్యాలి, పడుకునే ముందు ఆర్పెయ్యాలి. ఇది మర్చిపోతే నేను క్షమించను. మన కార్తీకం అటూ ఇటూగా దేశంలోని దేవుళ్ళందరూ మీ ఇజుమో పెద్ద గుడికి వస్తారట కదా. అప్పటికి అక్కడే ఉంటే వెళ్ళి దండం పెట్టుకో. రెండుసార్లు వంగి, నాలుగుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగాలట. నాన్న మోకాలి గురించి కూడా చెప్పు.

ఎల్లుండి టీచర్స్ డే. మా బడి పిల్లలు నాకు పూలు ఇస్తారు. ఈసారి నువ్వూ టీచర్‌వే, అక్కడ ఆ రోజు ఎవరికీ తెలియదు కాబట్టి నేనే చెప్తున్నాను, శుభాకాంక్షలు తల్లీ.

నిన్న బ్యాంకుకు వెళ్ళి ఇక్కడి నీ ఖాతాలో టికెట్ డబ్బు వేశాను. బుజ్జి చెప్పిన దానికి ఇంకో ఐదు వేలు కలిపాను. అది టికెట్‌కే, స్టవ్ కొనడానికి వాడకు. స్టవ్‌కు వేరే పంపుతాను.

శనివారం పార్సిల్ వేస్తున్నాం. ఇంతవరకు పెట్టినవి: కంది పొడి, కరివేపాకు పొడి (పచ్చి ఆకు పంపితే అక్కడ ఆపేస్తారట), ఆవకాయ రెండు కవర్లలో కట్టి డబ్బాలో, చింతపండు, ఇంగువ, నీ ఆకుపచ్చ స్వెటర్, జండూబామ్. ఇంకా కిలోన్నర చోటుంది. దానిలో ఏం పెట్టాలో శుక్రవారం లోపల మెసేజ్ పెట్టు. ఉత్తరం అందేలోపు శనివారం దాటిపోతుంది కాబట్టి ఈ కాగితాలన్నీ ఫోటో తీసి ఇప్పుడే పంపమని నాన్నకు ఇస్తున్నాను. అంటే బుజ్జి సంగతి ఆయనా చదువుతారు. చదవనీ.

"బాగున్నానమ్మా" వద్దు. ఏం కావాలో రాయి. పది రాయి.

అమ్మ